ఆ ఆటలో అయిదు రాదు

ఫ్రాన్సు దేశపు రగ్బీ మొదటి వరుస పోటీల్లో ఒక ఏడాది ఏ జట్టు నిలవాలో, ఏ జట్టు కిందికి దిగాలో తేల్చింది నేనే. పుదుచ్చేరిలో, మా వీధిలో, ఒక తిన్నె మీద కాళ్ళు ఆడిస్తూ కూర్చుని తేల్చాను. నవ్వకండి. ఆ ఆటగాళ్ళెవరూ నా మొహం చూడలేదు, నేనూ వాళ్ళ ఊరు చూడలేదు. అయినా వాళ్ళు ఏ మ్యాచిలో ఎన్ని పాయింట్లు కొట్టాలో ఆదివారం పొద్దున కాఫీ చల్లారేలోపల నేను నిర్ణయించేవాణ్ణి.

డెబ్భైల చివరి మాట ఇది. నాకు ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. మిల్లులో నేత విభాగంలో పని. మా ఇంట్లో అందరం తెలుగు మాట్లాడేవాళ్ళమే గాని చదవడం ఒక్కరికీ రాదు. తాతల నాటి నుంచీ మాకు తెలుగు నోట్లో ఉండేదే తప్ప కాగితం మీద ఉండేది కాదు. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు నలభై దాటాక, యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తా దగ్గర నేర్చుకున్నవి. ఫ్రెంచి మాత్రం బళ్ళోనే చదువుకున్నాను. మంచినీళ్ళు తాగినట్టు చదివేవాణ్ణి.

మా ఇంటికి రెండిళ్ళ అవతల సొల్దా పెదనాయన ఉండేవాడు. సొల్దా అంటే ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛనుతో ఊరు చేరినవాడు. మా ఊళ్ళో అలాంటివాళ్ళు వీధికొకరు ఉండేవారు. సాయంత్రం కాగానే ఇస్త్రీ చొక్కా, తోలు బెల్టు వేసుకుని సముద్రం ఒడ్డున నడిచేవారు. మా పెదనాయన తుపాకీ పట్టిన సొల్దా కాదు, గరిటె పట్టిన సొల్దా. దక్షిణ ఫ్రాన్సులో కొండల పక్కన ఒక చిన్న ఊరి పటాలంలో ఏళ్ళ తరబడి వంట చేశాడు. ఆదివారం మధ్యాహ్నమైతే ఆ ఊళ్ళో అంగళ్ళు ఖాళీ, పటాలం ఖాళీ. జనమంతా రగ్బీ మైదానం చుట్టూ ఉండేవారట. ఈయన్నీ తీసుకుపోయారు. వంటవాడు గనక ఒక పనీ అప్పజెప్పారు. ఆట సగం అయ్యాక ఆటగాళ్ళకు నిమ్మకాయ ముక్కలు కోసి ఇవ్వడం. అప్పట్లో అక్కడ అది ఆచారమట. ఊదా రంగు చొక్కాలు, మోకాళ్ళ దాకా బురద, ముక్కుల్లోంచి రక్తం. అలాంటి పదిహేను మంది భారీ మనుషులు నోళ్ళు తెరిచి నిలబడితే, ఈయన పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరికీ ఒక్కొక్క ముక్క అందించేవాడు.

"నా నిమ్మకాయ చప్పరించి గెలిచినోళ్ళురా వాళ్ళు," అనేవాడు.

"ఓడిపోయిన రోజు?" అని నేను అడిగితే, "ఆ రోజు కాయ పచ్చిది," అనేవాడు.

ఊరు చేరి ఇన్నేళ్ళయినా ఊదా చొక్కాలు ఆయన్ని వదల్లేదు. అక్కడి పాత స్నేహితుడొకడు ఆటల వారపత్రికలు పోగుచేసి, నాలుగేసి కట్టగట్టి, ఓడ టపాలో పంపేవాడు. ఓడకు తొందర ఉండదు గదా. అక్కడ సెప్టెంబరులో మొదలైన సీజన్ మా వీధిలో నవంబరు వానల్లో మొదలయ్యేది. అక్కడ చలికి వణుకుతూ ఆడిన ఆట మాకు అందేసరికి, ఇక్కడ మామిడి పిందెలకు ఉప్పూ కారం అద్దుకుంటూ ఉండేవాళ్ళం.

నేను చెప్పే ఏడాదికి ఆయన కళ్ళు పోతున్నాయి. రెండింటిలోనూ శుక్లాలు. మా ఇళ్ళలో 'కంట్లో పువ్వు' అంటాం. ఒక కన్ను పూర్తిగా తెల్లబడింది. రెండో కంటికి మనిషి నీడగా ఆనేవాడు. అక్షరం ఆనేది కాదు. ఇంట్లో ఉన్నది ఆయనా, ఆయన కూతురూ. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆస్పత్రిలో కంటి వార్డులో ఆయాగా పనిచేసేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకక్కా అంటే, "ఆస్పత్రిలో దగ్గతా మూలగతా ఉండే మొగోళ్ళను చూసినాక ఇంక యాడ బుద్ధి పుడతాదిరా," అనేది.

వానలు పడుతున్న ఒక సాయంత్రం మిల్లు నుంచి వస్తూ ఉంటే ఆమె నన్ను వాకిట్లో ఆపింది.

"రేయ్, నీకు ఫ్రెంచి వస్తాది గదా?"

"ఏం, అనుమానమా?"

"పేపర్ కట్ట వచ్చిండాది. నాయన దాన్ని ముక్కు దగ్గిర పెట్టుకొని వాసన చూస్తా ఉండాడు. చూడలేక పోతా ఉండా. ఆదివారం ఒక గంట వచ్చి చదివిపెట్టు. దోసెలు పోస్తా."

దోసెల కోసం కాదు, ఆ ముసలాయన కోసమే ఒప్పుకున్నాను అని రాయాలని ఉంది. దోసెల కోసమే.

మొదటి ఆదివారం గొంతు సవరించుకుని, పత్రిక విప్పి, గట్టిగా ఫ్రెంచిలో మొదలుపెట్టాను. మూడు వాక్యాలు అయ్యాయో లేదో పెదనాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపు నాయనా. కండ్లల్లో పువ్వు చాలదని చెవుల్లో గూడా పూయిస్తా ఉండావు. తెలుగులో చెప్పు, ఒళుంగా."

ఒళుంగా అంటే అరవంలో సక్రమంగా అని. అది సరైన మాటే. మంచినీళ్ళు తాగినట్టు చదివేవాణ్ణి అన్నాను గాని, గుక్క గుక్కకీ పొలమారేదని చెప్పలేదు. బళ్ళో ఫ్రెంచి పరీక్ష రెండుసార్లు తప్పిన తరవాతే మిల్లులో చేరాను. తెలిసిన మాటలు పట్టుకుని, తెలియనివి దూకి, మధ్యలో ఉన్న గుంటల్ని సొంత తెలివితో పూడ్చి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఆ రోజే నా పరువు పోయింది. ఊదా చొక్కాలు మూడు 'ఎస్సే'లు చేశారని పత్రికలో ఉంది. ఎస్సే అంటే ప్రయత్నం అని బళ్ళో చెప్పారు. అందుకని గొంతులో కొంచెం జాలి నింపుకుని చెప్పాను:

"మీవోళ్ళు పాపం మూడు తూర్లు ప్రయత్నం చేసినారు పెదనాయనా. అవతలోళ్ళు ఒక్క తూరే ప్రయత్నం చేసినారు."

ఆయన తొడ మీద చరిచి, "మూడా! మూడా!" అని తిన్నె మీంచి లేచిపోయాడు. లోపల అక్క అట్లకాడ కింద పడేసింది. ఓడిపోయిన దానికి ఇంత సంబరమేమిటో నాకు అర్థం కాలేదు.

అప్పుడు ఆయన నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. బంతి పట్టుకుని అవతలివాళ్ళ గీత దాటి నేలకు తాకిస్తే దాని పేరే ఎస్సే. ఆ రోజుల్లో దానికి నాలుగు పాయింట్లు. ఎప్పుడో తాతల కాలంలో దానికి పాయింట్లే ఉండేవి కావట. ఇంకో తన్ను తన్నేందుకు ప్రయత్నించే హక్కు మాత్రం వచ్చేదట. పాయింట్లు తరవాత వచ్చాయి, పేరు మాత్రం పాతదే ఉండిపోయింది.

"అంటే ప్రయత్నం చేస్తేనే మార్కులా?" అన్నాను. "ఈ సంగతి మా బళ్ళో తెలిసుంటే నేను పాసయిండేవాణ్ణి గదా."

బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుందంటే నమ్మలేదని, లోపలికి పోయి పీచు వలవని టెంకాయ తెచ్చి చంకలో పెట్టుకుని చూపించాడు. ముందుకు పరుగెత్తాలి, కాని బంతిని చేత్తో వెనకవాడికే ఇవ్వాలి. ఎనిమిది మంది తలలు దించి, భుజాలు కలిపి, మా ఊరి పక్క వీరాంపట్టినం గుడి తేరు తోసినట్టు అవతలి ఎనిమిది మందిని తొయ్యాలి. అది చూపించడానికి నా మెడ పట్టుకుని తోస్తే ఇద్దరం వాకిట్లో పడ్డాం. టెంకాయ దొర్లి, వైతికుప్పం నుంచి చేపల గంపతో వస్తున్న ఆమె కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసి చూసి, "మంచి కాయే," అని గంపలో వేసుకోబోయింది.

"అది చట్నీకి తెచ్చిందమ్మా!" అని అక్క పరుగెత్తుకొచ్చింది. "నాయనా, కండ్లు కనపడవు, ఎముకలు గూడా పోగొట్టుకుంటావా ఏంది?"

ఆ మూడు ఎస్సేల తరవాత ఊదా చొక్కాలు గెలవడం మరిచిపోయారు. పన్నెండు–ఆరు ఓటమి. తొమ్మిది–ఏడు ఓటమి. సొంత ఊళ్ళో, సొంత బురదలో పదహారు–మూడు ఓటమి. కట్ట విప్పితే నాలుగు పత్రికలు, నాలుగు ఓటములు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను, మొదట్లో. ఆయన వినేవాడు. తువ్వాలు మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టేవాడు. దోసె ముట్టేవాడు కాదు.

ఆ రోజుల్లోనే అక్క ఆయన్ని వార్డులో డాక్టరుకు చూపించింది. ఇంకా ఆలస్యం చేస్తే పువ్వు ముదిరి లోపలే పగలవచ్చు, అప్పుడు కోసినా చూపు రాదు, ఈ ఏడాదే చెయ్యాలి అన్నాడాయన. పెదనాయనకు కత్తి అంటే భయం. ఆయనతోపాటు పటాలంలో పనిచేసిన స్నేహితుడొకడు దగ్గర్లోనే, ఏంబలం అనే ఊళ్ళో ఉండేవాడు. ఎక్కడో కన్ను కోయించుకుని, ఉన్న మసక వెలుతురు కూడా పోగొట్టుకున్నాడు. ఆయన్ని చూసి వచ్చిన రోజు నుంచీ కంటి మాట ఎత్తితే చాలు, ఈయన లేచి పెరట్లోకి పోయేవాడు.

అక్క వదిలే మనిషి కాదు. ఒక ఆదివారం, నా ఎదురుగానే తగులుకుంది.

"నాయనా, ఈరోజు చెప్పాల్సిందే. కోయించుకుంటావా లేదా?"

ఆయన చాలాసేపు తువ్వాలుతో ఆడుకుని అన్నాడు: "మావోళ్ళు మొదటి వరసలో నిలిస్తే కత్తికి కన్నిస్తా. కిందికి దిగిపోతే, ఇంక నాకు చూసేదానికి ఏముండాది? సుమ్మా, ఊరికే వదిలెయ్యి."

"నన్ను చూడొద్దా?" అంది అక్క.

"నిన్ను చూడబళ్ళేదు. నీ అరుపులో నీ మొహం తెలస్తాది."

అక్క లోపలికి పోయింది. కాఫీ గ్లాసులు కడిగిన చప్పుడు మామూలు కంటే చాలాసేపు వినిపించింది.

సీజన్ చివర, ఒక్కో గుంపులో అట్టడుగున ఉన్న జట్లు రెండో వరుసకు దిగిపోతాయి. మా ఊదా చొక్కాలు అడుగుకు ఒక్క మెట్టు పైన వేలాడుతున్నారు. ఎక్కడో ఉన్న ఆ పదిహేను మంది మొద్దులకు, వాళ్ళు తన్నే ప్రతి తన్నుతో మా వీధిలో ఒక ముసలాయన కన్ను ముడిపడి ఉందని ఏం తెలుసు? తెలిసింది నాకు. అందుకని నేను రంగంలోకి దిగాను. ఎవరూ చెప్పలేదు. ఆలోచన పూర్తిగా నాది.

తరవాతి కట్టలో మొదటి పత్రిక విప్పాను. పదిహేను–నాలుగు, ఓటమి. ఆయన మొహం చూశాను.

"గెలిచినారు పెదనాయనా!" అన్నాను.

"ఎంతకి?"

అంకె ఆలోచించుకోలేదు. నాకు తెలిసిన ఆట ఫుట్‌బాల్. నోటికొచ్చింది చెప్పాను. "అయిదు–రెండు."

ఆయన తల తిప్పి, నా నీడ వైపు కాసేపు చూశాడు.

"అయిదా?"

"అయిదు పెదనాయనా. పేపర్లోనే ఉండాది."

"ఎట్లా వచ్చినాయి అయిదు?"

"బాగా ఆడినందుకు వచ్చినాయి."

"సరి," అన్నాడు. తువ్వాలు పక్కన పెట్టాడు. "అమ్మే, ఒక దోసె పొయ్యి."

ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు. ఈ పని చేసినవాడికి తెలుస్తుంది, మొదటి అబద్ధం బరువు, రెండోది తేలిక, మూడోది సరదా. ఫ్రెంచి మాటల్ని ముక్కలు ముక్కలుగా కూడగట్టే బాధ తప్పింది గనక నా తెలుగు పరుగెత్తింది. ఒక మ్యాచిలో పొట్టివాడొకడు బంతి తీసుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా, మధ్యలో ఆరుగుర్ని పడగొట్టి పరుగెత్తాడు. ఇంకో మ్యాచిలో వాన కుండపోతగా కురిసి బంతి నీళ్ళలో తేలింది. మావాళ్ళు ఈదుకుంటూ పోయి పాయింట్లు కొట్టారు. ఆ రోజు వైతికుప్పంలో అలలు తిన్నెల దాకా వచ్చాయి, అందుకని నాకు ఆ ఆలోచన వచ్చింది.

పెదనాయన వింటూ ప్రశ్నలు వేసేవాడు. "ఆ పొట్టోడికి దెబ్బ తగిలిందా?" "తగిలింది, ఎడమ చెవికి." "నిమ్మకాయ ఇచ్చినారా?" "పేపర్లో నిమ్మకాయ సంగతి రాయలేదు." "రాయరు. అది ముఖ్యమైన సంగతి గదా, అందుకే రాయరు."

మొదట్లో నేను కొట్టిన గొప్ప గుర్తుందా? ఏ జట్టు నిలవాలో తేల్చింది నేనే అన్నాను. నేను నిలబెట్టింది ఒక్క జట్టును. అదీ ఒక్క తిన్నె మీద, ఒక్క మనిషి కోసం. మిగిలిన ఫ్రాన్సు అంతా నా మాట వినకుండా తన ఆట తాను ఆడుకుంది.

ఆషాఢంలో ఆ సీజన్ ఆఖరి కట్ట వచ్చింది. గాలి వేడిగా కొడుతోంది. ఆ ఒక్క పత్రిక చదవడానికి నాకు సొంత తెలివి అక్కరలేకపోయింది. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న మాట నా పాటి ఫ్రెంచికీ అర్థమయ్యేదే: దిగిపోవడం. పదమూడు–తొమ్మిది, ఓటమి. కింద ఒక బొమ్మ. ఊదా చొక్కా బొమ్మలో నల్లగా కనిపిస్తుంది. ఆ చొక్కా తొడుక్కున్న మనిషి ఒకడు బురదలో కూర్చుని, అరచేతులు నేలకు ఆనించి, ఎటో చూస్తున్నాడు.

పెదనాయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు. చేతిలో తువ్వాలు లేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బడిపిల్లవాడిలా నిటారుగా ఉన్నాడు. అక్క చాటలో బియ్యం పట్టుకుని గడప దగ్గర నిలబడింది. చెరగడం లేదు.

"చెప్పరా."

అంతకుముందు చెప్పిన వాటన్నిట్లో సరదా ఉంది. దీంట్లో లేదు. ఇది చెప్పి, కన్ను కోశాక ఏంబలం ఆయనకు అయినట్టే అయితే? ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు, నిజంగా తట్టలేదు. బొమ్మలోని మనిషిని ఇంకొకసారి చూశాను.

"గెలిచినారు పెదనాయనా," అన్నాను. "నిలిచిపోయినారు."

"ఎంతకి?"

"ఇరవై రెండు... ఒకటి."

ఆయన తల ఆడించాడు. ఎదురింటి రేడియోలో అరవ వార్తలు వస్తున్నాయి. చివరికి లేచి, గోడ తడుముకుంటూ గడప దాకా పోయి, అక్కతో అన్నాడు: "సరి. మీ డాక్టర్ని అడుగు, ఏ రోజు రమ్మంటాడో."

వీరాంపట్టినం తేరు జరిగే వారంలో ఒక కంటికి కత్తి పెట్టారు. రోగులంతా తేరుకు పోయినట్టు వార్డు సగం ఖాళీ. ఆ రోజుల్లో కన్ను కోశాక కదలకూడదు. తలకు రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి, కళ్ళకు గంతలు కట్టి, రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవాళ్ళు. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. అక్కకు పక్క గదుల్లో పని ఉండేది గనక, మిల్లులో సెలవు పెట్టి మంచం పక్కన నేను కూర్చున్నాను.

రెండో రోజు ఆయన మెల్లగా పెదవులు కదిపాడు.

"ఆఖరి మ్యాచి మళ్ళా చెప్పరా."

చెప్పాను. ఇరవై రెండు పాయింట్లు ఎవరెవరు ఎలా కొట్టారో చెప్పాను. పొట్టివాణ్ణి మళ్ళీ పరుగెత్తించాను. అవతలివాళ్ళకు ఒక పాయింటు ఎలా వచ్చిందో చెప్పబోతే, ఆయన కడుపు ఎగిరెగిరి పడింది. నొప్పి అనుకున్నాను. అక్క పరుగెత్తుకొచ్చి ఆయన నుదురు పట్టుకుని, నా వైపు తిరిగి, "ఏం చెప్పినావురా? నవ్వొద్దని చెప్పలా? కుట్లు తెగితే నీ కన్ను పీకి పెడతా!" అంది.

అది నవ్వని అప్పుడు తెలిసింది. గెలిచిన సంతోషం అనుకున్నాను.

గంతలు విప్పాక చూపు ఉంది. ఇంకొన్ని వారాలకు సీసా అడుగంత మందం కళ్ళద్దాలు వచ్చాయి. అవి పెట్టుకుని ఆయన మొదట చూసింది అక్కను. "ఇంత పండిపోయినావేందే," అన్నాడట. రెండోది పత్రికల కట్ట. అన్నీ ముందేసుకుని, మొదటి నుంచీ, తిన్నె మీద కూర్చుని ఒక్కొక్కటే చదువుతున్నాడని అక్క చెప్పింది. ఆ మాట విన్నాక నాలుగు రోజులు నేను ఆ వీధి కొస నుంచి తిరిగి, చుట్టుదారిలో ఇంటికి పోయాను. అయిదో రోజు మిల్లు గేటు దగ్గరే కనపడ్డాడు. కళ్ళద్దాల వెనక ఆ కన్ను కోడిగుడ్డంత ఉంది.

"ఓహో, ఇట్లా ఉండావా నువ్వు?" అన్నాడు. "పదరా."

తిన్నె మీద కూర్చోబెట్టి, పలక మీద సుద్దతో రాశాడు. ఒక తన్నుకు మూడు. ఒక ఎస్సేకు నాలుగు. ఎస్సే తరవాత తన్ను కూడా పడితే ఇంకో రెండు, మొత్తం ఆరు.

"ఇప్పుడు చెప్పు. అయిదు ఎట్లా వస్తాదిరా?"

కూడాను. వేళ్ళు మడిచాను. రాలేదు.

"రెండు?"

రాలేదు. "ఒకటి?" అని ఆయనే అడిగి, ఆయనే, "ఒకటి అసలు పుట్టనే లేదు ఆ ఆటలో," అన్నాడు.

అయిదు–రెండు అన్న ఆదివారమే ఆయనకు తెలిసిపోయింది. ఆ తరవాత నేను పరుగెత్తించిన పొట్టివాళ్ళు, ఈదించిన మొద్దులు, అన్నీ తెలిసే విన్నాడు. తలెత్తలేకపోయాను. మరి తెలిసి ఎందుకు కోయించుకున్నావు పెదనాయనా అని అడిగాను. అప్పుడాయన నా తల మీద చెయ్యి పెట్టాడు. "నీ అబద్ధమే నాకు చూపిచ్చిందిరా నాయనా," అన్నాడు. ఆ మందపాటి అద్దాల వెనక నీళ్ళు తిరిగాయి. ఆయన ఇంకో ఆరేడేళ్ళు బతికాడు. ఎనభైల మధ్యలో పోయేదాకా తన పత్రికలు తనే చదువుకున్నాడు. నేను ఆదివారాలు పోయి, దోసెలు తిని, ఆయన చదివి చెప్పింది వినేవాణ్ణి.

ఇంతవరకు రాసి, మొన్న అక్క దగ్గరికి తీసుకుపోయాను. ఎనభై దాటింది. చెవులు బాగానే ఉన్నాయి, నోరు ఇంకా బాగుంది. తెలుగు అక్షరాలు ఆమెకు రావు గనక మొత్తం నేనే చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. నీళ్ళు తిరిగాయి అన్న చోట చేతిలో కాయ పళ్ళెంలో పడేసింది.

"ఎవురికిరా నీళ్ళు తిరిగింది?"

"పెదనాయనకి."

"నాయన నీ తల మీద చెయ్యి పెట్టలా. చెవి పట్టి మెలిపెట్టినాడు. నువ్వు అరిస్తే ఎదురింటోళ్ళు బయటికొచ్చినారు. ఏడ్చింది నువ్వు."

"సరే, అది మారుస్తా."

"ఆలోచన నీదంటనా? వాకిట్లో నిన్ను ఆపి, 'ఎప్పుడు చూసినా ఓడిపోయినారని చెప్తావేందిరా, కొంచెం గెలిపించగూడదా' అని ఎవురు అడిగింది?"

అది నిజమే. ఒప్పుకున్నాను.

"ఇంకోటి. నాకు ఫ్రెంచి రాదు గాని అంకెలు రావా? ఆ ఆఖరి పేపర్ నువ్వు అట్లా పోతానే నాయన నా చేతికిచ్చి, 'ఎంతుండాదో చూడు' అన్యాడు. పదమూడు, తొమ్మిది అని చెప్పినా. 'ఏది మనది' అన్యాడు. ఆ బొమ్మలో కూలబడినోణ్ణి చూసి, చిన్నది మనది అని చెప్పినా. దిగిపోయినారని అప్పుడే తెలుసు ఆయనకి. తేరు వారంలో కత్తికి పోయింది అది తెలిసే."

"మరి మాట తప్పినాడు గదా? దిగిపోతే కోయించుకోనని అన్యాడే?"

"నీ అబద్ధం చూపిచ్చిందంట, చూపు!" అక్క చిక్కుడుకాయ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "రెండో వరసకి దిగినోళ్ళ ఆటలు పేపర్లో ఆఖరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారంట. కథ ఉండదు, అంకెలే. 'దాన్ని వానిచేత చదివించుకుంటే వాడు మన జట్టు ఊరినే మార్చేస్తాడే, దానికి నా కండ్లే కావల' అని చెప్పి పోయి కోయించుకున్యాడు. అది రాయి."